రాతిలో నానిన నీళ్లు

ధర్మపురి అనగానే మనకు గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి క్షేత్రం గుర్తొస్తుంది. అక్కడ గుడి దాటి నాలుగడుగులు వేస్తే నది. ఈ వ్యాసం ఇంకో ధర్మపురి గురించి. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి మీదుగా కన్యాకుమారి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, సేలానికి ముందు వచ్చే తమిళనాడు జిల్లా కేంద్రం ఇది. 1965లో సేలం జిల్లా నుంచి విడిపోయి జిల్లా అయింది. 2004లో దీన్నుంచి కృష్ణగిరి విడిపోయింది. ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఈ ధర్మపురికీ ఒక మహానది ఉంది. జిల్లా పడమటి అంచున కావేరి పారుతుంది. అయినా ఇక్కడి ఊళ్లు తరతరాలుగా బావి నీళ్లతో, ఆ తర్వాత బోరు నీళ్లతో బతికాయి. ఆ నీళ్లు తాగే ఎంతోమంది పిల్లలకు పళ్లు గారపట్టాయి, పెద్దలకు కీళ్లు బిగుసుకున్నాయి. కావేరి అంత దగ్గరలో ఉండగా ఇలా ఎందుకైందో తెలియాలంటే ఈ నేల ఎత్తు, దీని మీద పడే వాన, దీని కింద ఉన్న రాయి, మూడూ చూడాలి.

ముందు ఎత్తు సంగతి. మైసూరు పీఠభూమి నుంచి తమిళ మైదానానికి దిగే దారిలో మధ్య అంతస్తు ఈ జిల్లా. ధర్మపురి పట్నం సముద్ర మట్టానికి 450 మీటర్ల పైన ఉంది. పట్నం దాటి సేలం వైపు వెళ్తే తొప్పూరు కనుమ వస్తుంది. బరువు లారీల బ్రేకులు పట్టు తప్పి ప్రమాదాలు జరిగే ఆ దిగుడు డ్రైవర్లందరికీ తెలిసిందే. కావేరి మాత్రం అప్పటికే చాలా కింద, కొండల నడుమ కోసుకున్న లోయలో పారుతుంటుంది. 1934లో పూర్తయిన మేట్టూరు ఆనకట్ట నిండు మట్టం 790 అడుగులు, అంటే దాదాపు 240 మీటర్లు. జలాశయం నిండినప్పుడు వెనక నీళ్లు పెన్నాగరం తాలూకా ఊళ్ల దాకా వచ్చి నిలుస్తాయి. వాటికీ జిల్లా కేంద్రానికీ ఎత్తులో తేడా 200 మీటర్లకు పైనే. కాలువ తవ్వితే నీళ్లు వచ్చే చోటు కాదిది. మేట్టూరు నిండితే తంజావూరు డెల్టాలో నాట్లు పడతాయి. ధర్మపురి మెట్టలో పడవు.

పట్నానికి 46 కిలోమీటర్ల దూరంలో ఉన్న హొగెనక్కల్ దగ్గర నది చీలికలై, బండల మధ్య నుంచి దూకుతుంది. చూడటానికి వచ్చినవాళ్లను గుండ్రటి పుట్టిలో ఎక్కించుకుని లోయలోకి తీసుకెళ్తారు. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా కట్టి, తారు పూస్తారు. ఒకప్పుడు ఆ పట్టా స్థానంలో తోలు ఉండేది. తెడ్డు ఒకటే. నడిపే మనిషి దాన్ని ఒక పక్కనే ఆడిస్తూ సుడులను తప్పించుకుంటూ పోతాడు. రెండు వైపులా నిలువుగా లేచిన నల్లటి రాతి గోడలు. ఎగువన బిలిగుండ్లు దగ్గర కేంద్ర జల సంఘం నీటి కొలత కేంద్రం ఉంది. కర్ణాటక తమిళనాడుకు ఏటా వదలాల్సిన నీళ్లు లెక్కకొచ్చేది అక్కడే. 2018లో సుప్రీంకోర్టు ఆ వాటాను 177.25 టీఎంసీలుగా తేల్చింది. దేశమంతా వాదించుకునే ఆ నీళ్లన్నీ ధర్మపురి గుమ్మం ముందు నుంచే పోతాయి.

ఇక వాన. నైరుతి రుతుపవనం పడమటి కనుమల్లో, కొడగులో, నీలగిరుల్లో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి బరువు దింపేసుకుని ఉంటుంది. ఈశాన్య రుతుపవనానికి బంగాళాఖాతం వైపు జవ్వాది, చిత్తేరి, సేర్వరాయన్ కొండలు అడ్డం. అయినా రెండింటి నుంచీ కొంత కొంత అందుతుంది. ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు, అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలలదే పెద్ద వాటా. అనంతపురంతో పోలిస్తే ఇది మెరుగే. కానీ ఎండ ఆవిరి చేయగలిగిన నీరు ఇంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి మిగిలేది తక్కువ. రాగి, సామ, ఉలవ, చింత, మామిడి ఈ లెక్కకు సరిపోయిన పంటలు. పాలక్కోడు టమాటా, మల్బరీ తోటలు, చెరకు మాత్రం బావి, బోరు ఉంటేనే.

ఇక్కడ పారే ఇంకో నది మనకు దూరపు చుట్టం కాదు. కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో రెండు పెన్నలు పుడతాయి. ఒకటి ఉత్తరంగా వెళ్లి అనంతపురం, కడప, నెల్లూరు తిరిగి సముద్రంలో కలుస్తుంది. రెండోది దక్షిణ పెన్న. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల గుండా పోయి కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. రెండూ కరువు నేలల నదులే. వానాకాలంలో కొన్నాళ్లు నిండుగా, ఆపైన ఇసుకగా కనిపించేవే.

ఈ రెండు పెన్నల ఎగువ దారిలో ఉన్న రాయి కూడా దాదాపు ఒకటే జాతి. అసలు కథ దీనిదే కనుక కాస్త ఆగి చూద్దాం. ధర్మపురి నేల చాలా మేరకు నైస్, చార్నోకైట్ అనే రాళ్లతో తయారైంది. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకప్పుడు భూమి లోపల 20 కిలోమీటర్లకు పైగా లోతున విపరీతమైన వేడికీ ఒత్తిడికీ నలిగిన రాయి, పైపొరలు కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయాక బయటపడింది. కృష్ణగిరి నుంచి సేలం వైపు వెళ్తుంటే, తక్కువ లోతులో రూపుదిద్దుకున్న రాయి నుంచి ఎక్కువ లోతులో ఉడికిన రాయికి క్రమంగా మారుతూ పోతాం. భూమి లోపలి పొరల్లోకి దిగినట్టే లెక్క. అందుకే ఈ దారి మీద భూగర్భ శాస్త్రవేత్తలకు అంత ఆసక్తి. హొగెనక్కల్ పరిసరాల్లో కార్బొనటైట్ అనే అరుదైన రాయి కూడా ఉంది. సున్నపు లక్షణాలున్న శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిందది. దాని వయసు 240 కోట్ల ఏళ్లు. ప్రపంచంలో ఇంత పాత కార్బొనటైట్లు బహు కొద్ది. హరూర్ ప్రాంతంలో ఉక్కును గట్టిపరిచే మాలిబ్డినం ఖనిజం, తీర్థమలై దగ్గర ఇనుప రాయి, అక్కడక్కడా నల్లరాతి క్వారీలు ఉన్నాయి. ఖనిజ సంపద అనగానే ఇవే లెక్కకొస్తాయి. కానీ జనం బతుకును ఎక్కువగా మార్చింది వీటిలో ఏదీ కాదు. రాతిలో అతి కొద్దిగా ఉండే ఫ్లోరిన్.

నైస్ రాయిలో నల్లగా, రేకులు రేకులుగా మెరిసే అభ్రకం ఉంటుంది. బయోటైట్ అంటారు. ముదురు రంగు హార్న్‌బ్లెండ్ ఉంటుంది, ఎపటైట్ గింజలు ఉంటాయి. వీటన్నిటి నిర్మాణంలోనూ ఫ్లోరిన్‌కు చోటుంది. రాయి అంత వేడిలో ఉడికినప్పుడు మామూలు అభ్రకం విరిగిపోయి వేరే ఖనిజాలుగా మారుతుంది. ఫ్లోరిన్ ఎక్కువగా పట్టిన అభ్రకం మాత్రం ఆ వేడిని తట్టుకుని మిగిలిపోతుంది. వాన నీరు నేలలోకి ఇంకి, మొరం పొర దాటి, కింద రాతి పగుళ్లలోకి చేరుతుంది. దారిలో మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, ఖనిజాలను నెమ్మదిగా కరిగిస్తూ బైకార్బొనేట్‌తో నిండి క్షారగుణం తెచ్చుకుంటుంది. క్షార నీళ్లలో అభ్రకంలోని ఫ్లోరిన్ తన చోటు వదిలి ఫ్లోరైడ్ రూపంలో నీళ్లలోకి వస్తుంది, ఆ ఖాళీలో హైడ్రాక్సిల్ చేరుతుంది. ఇదంతా కాఫీ డికాక్షన్ దిగినట్టే. నీళ్లు పొడిలో ఎంతసేపు నిలిస్తే అంత చిక్కన. కుండపోత వానలు కురిసే కేరళలో నీళ్లు త్వరగా వచ్చి త్వరగా పోతాయి. ధర్మపురిలో ఏళ్ల తరబడి పగుళ్లలోనే ఉండిపోతాయి.

దీనికి ఒక అడ్డుకట్ట ప్రకృతిలోనే ఉంది. అది కాల్షియం. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దించేస్తుంది. మెట్ట నేలల్లో ఆ అడ్డుకట్ట నిలవదు. ఎండకు నీరు ఆవిరయ్యేకొద్దీ కాల్షియం ముందుగా సున్నపు గడ్డలుగా నేలలోనే పేరుకుంటుంది. రాయలసీమలో, నల్గొండలో నాగలి వేసే రైతుకు ఈ తెల్లటి గడ్డలు కొత్త కాదు. ధర్మపురిలోనూ కనిపిస్తాయి. ఆ గడ్డలు పేరుకున్నాయంటే కింది నీళ్లలో కాల్షియం తగ్గి, సోడియం మిగిలి, ఫ్లోరైడ్‌కు ఎదురు లేకుండా పోయిందని అర్థం. అంటే రాయి ఒక్కటే కారణం కాదు, దాని మీద కాసే ఎండ కూడా కారణమే. ఇదే రాయి వాన ఎక్కువ పడే చోట ఉంటే ఇంత హాని చేయదు.

ఎండ మరో రకంగానూ దెబ్బ తీస్తుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము మేలు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదు. రోజుకు 2 లీటర్లు తాగే మనిషికి 1.5 చొప్పున 3 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. మే నెలలో టమాటా తోటలోనో క్వారీలోనో పనిచేసే మనిషి 5 లీటర్లు తాగుతాడు. అవే నీళ్లు అయినా అతనికి 7.5 మిల్లీగ్రాములు పోతాయి. ప్రమాణాలు రాసేటప్పుడు ఈ మనిషిని లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. వేడి దేశాలకు గీత ఇంకా కిందనే ఉండాలి.

ఒంట్లో జరిగేది కూడా రాతిలో జరిగిన దానికి తలకిందులుగా ఉండే రసాయన చర్యే. ఎముకలోనూ పంటి పింగాణీలోనూ ఉండేది హైడ్రాక్సీ ఎపటైట్. అక్కడ హైడ్రాక్సిల్ తప్పుకుని ఫ్లోరైడ్ చేరుతుంది. కొద్దిగా చేరితే పన్ను గట్టిపడుతుంది. మోతాదు మించితే, చిగుళ్ల లోపల పన్ను తయారవుతున్న వయసులోనే పింగాణీ సరిగా గట్టిపడదు. దగ్గరగా చూస్తే పై ముందు పళ్ల మీద అడ్డంగా సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. తీవ్రత పెరిగితే ఆ గీతల్లో పసుపు, ఆ తర్వాత గోధుమరంగు దిగుతుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి. మన ఊళ్లలో గారపళ్లు అనేది వీటినే. తోమితే పోదు, ఎందుకంటే మరక పైనుంచి అంటింది కాదు. అసలు హాని ఏళ్లు గడిచాక తెలుస్తుంది. ఎముకలు దళసరి అవుతాయి, కానీ పెళుసుగా ఉంటాయి. కీళ్ల చుట్టూ ఉండే కట్టు తంతువులకు సున్నం పడుతుంది. వెన్ను వంగదు, మెడ తిరగదు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే కనుక మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో శాస్త్రీయంగా నమోదు చేసింది తెలుగు నేల మీదే. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్లలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో, షార్ట్ తదితర వైద్యులు ఈ వ్యాధిని వర్ణించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్గొండ జిల్లా యువకుల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకర్లు తిరగడాన్ని గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఫ్లోరైడ్‌ను వదిలించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి మొదట గట్టిగా, తర్వాత మెల్లగా కలిపితే ఏర్పడే తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. ఖర్చు తక్కువే. కానీ మందు కొలిచి వేయాలి, అడుగు మడ్డిని రోజూ తీసెయ్యాలి. ఊరి ట్యాంకు దగ్గర అంత ఓపికగా చేసే మనిషిని నిలబెట్టలేక చాలా చోట్ల ఆగిపోయింది. నల్గొండకు చివరికి దూరపు నది నీళ్లే దారి చూపించాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో గొట్టాల ద్వారా అవి ఊళ్లకు చేరాయి.

ధర్మపురికీ తెలుగు మెట్ట సీమలకీ ఇంకో బంధం ఉంది. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన బారామహల్ అంటే ఈ కృష్ణగిరి, ధర్మపురి నేలే. అక్కడ కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేస్తూ, 1799 దాకా ధర్మపురిలో ఉండి, ప్రతి రైతు పొలాన్నీ విడిగా కొలిచి శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని నేర్చుకున్నవాడు థామస్ మన్రో. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి ఆ పద్ధతినే అనంతపురం, కడప, బళ్లారి, కర్నూలు వైపు నడిపించాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. రైత్వారీ పుట్టుక గురించి చరిత్రకారులు చాలా రాశారు. నేల కోణం నుంచి చూస్తే నాకు తోచేది ఒకటి. ఇలాంటి రాతి సీమలో పొలాలకు నది నీళ్లు తెచ్చే పెద్ద కాలువ లేదు. ఒక పొలంలో బావి ఊరుతుంది, పక్క పొలంలో ఎండుతుంది. ఊరంతటికీ కలిపి ఒకే లెక్క వేయడం ఇక్కడ కుదరదు. పొలానికో లెక్క అన్న ఆలోచన ఇక్కడ వేళ్లూనుకోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు.

ఆ బావులు వెడల్పుగా, మెట్లు దిగి నీళ్లు ముంచుకునేలా ఉండేవి. మొరం పొరలో ఊరే నీరు ఏటా వానకు కొత్తగా వచ్చేది. బోరు యంత్రాలు వచ్చాక తవ్వకం గట్టి రాతిలోకి దిగింది. అక్కడి నీరు రాతిని అంటిపెట్టుకుని ఎన్నో ఏళ్లు నానినది. పైబావులన్నీ మంచివనీ, బోర్లన్నీ చెడ్డవనీ చెప్పలేం. ఒకే ఊళ్లో రెండు బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. కానీ పైపొర నీటిని తోడేసి పాత నీటి మీద పడ్డామన్నది మాత్రం నిజం. రాగి, సామ వేసే నేలలో చెరకు వేసినందుకు కట్టిన మూల్యంలో ఇదీ ఒక భాగం.

ఆ నేల పంటల్లోనే ఈ విషానికి కొంత విరుగుడు ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. కడుపులో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ కొంత అక్కడే చిక్కుకుని బయటికి పోతుంది. కాల్షియం తక్కువ తినే పిల్లల్లో ఈ జబ్బు ఉధృతంగా ఉండటానికి ఒక కారణం అదే. చింతపండు సంగతి ఇంకా ఆసక్తికరం. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ధర్మపురి, కృష్ణగిరి రోడ్ల పక్కన వరసగా నిలిచినవి చింతచెట్లు. ఇళ్ల ముందు కూర్చుని చింతకాయలు కొట్టి, పెంకు తీసి, గింజ వేరు చేసే ఆడవాళ్లకు అదే కూలి. రాగి సంగటి, పులుసు అన్న పాత భోజనం ఈ నీళ్లకు తగినట్టు కుదిరిన భోజనం. రేషను బియ్యం వచ్చి సంగటిని వెనక్కి నెట్టినప్పుడు ఆ రక్షణ కొంత పోయింది. అయితే చింతపులుసును మందుగా చూపించి మంచినీళ్లు ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఎవరికీ వీల్లేదు. ముందు నీళ్లు మారాలి.

ఆ నీళ్లు కావేరి నుంచే వచ్చాయి. హొగెనక్కల్ తాగునీరు, ఫ్లోరోసిస్ నివారణ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది. కర్ణాటకలో నిరసనలు లేచాయి. జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ అప్పు ఇచ్చింది. 1,928 కోట్ల రూపాయల ఆ పథకం 2013 మే నెలలో మొదలైంది. నదిలోంచి తోడి, శుద్ధి చేసి, కాలువ ఎక్కలేని ఎత్తును పంపులతో ఎక్కించి, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్లకు గొట్టాల్లో పంపుతున్నారు. నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ, ఎందుకంటే అవి రాతిలో నానలేదు, పైనుంచి పారి వచ్చాయి. దీని పక్కనే జరగాల్సిన పని ఇంకొకటి ఉంది, వాన నీటిని నేలలోకి ఇంకించడం. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో ఎల్. ఎలాంగో బృందం ధర్మపురి జిల్లా వాణియార్ నది పరీవాహకంలోనూ మన నల్గొండ జిల్లాలోనూ ఫ్లోరైడ్ నీటిని విశ్లేషించింది. కొత్త వాన నీరు ఇంకిన చోట పాత నీరు పలచబడుతుంది. చెరువు పూడిక తీసినా, వాగుకు చెక్‌డ్యామ్ కట్టినా ఊటతోపాటు నీటి నాణ్యత కూడా మారుతుందన్నమాట. పంపు చెడినా, కరెంటు పోయినా ఊరు మళ్లీ బోరు దగ్గరికే వెళ్తుంది కాబట్టి బోరు నీళ్లను బాగుచేసే పని గొట్టం వచ్చిందని మానకూడదు. తాగడానికి కావేరి నీళ్లు పట్టుకుని, వంటకు బోరు నీళ్లే వాడే ఇంట్లో అన్నం, పప్పు, సంగటి ద్వారా ఫ్లోరైడ్ లోపలికి వస్తూనే ఉంటుంది. ఈ మాట ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సినంత ముఖ్యమైనది.

పథకం ఎంతవరకు పనిచేసిందో చెప్పే కొలత ఒకటి బళ్లలోనే దొరుకుతుంది. ముందు పళ్ల పింగాణీ పుట్టిన కొద్ది నెలల నుంచి నాలుగైదేళ్ల వయసు దాకా తయారవుతుంది. ఆ పళ్లు ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య బయటికి వస్తాయి. ఒకసారి వచ్చాక, చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు వాటి మీద చెరగకుండా ఉంటుంది. 2013 తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్‌కు వస్తున్నారు. ఊరి వారీగా వాళ్ల పై నాలుగు ముందు పళ్లను చూసి, గీతలున్నవాళ్లనూ లేనివాళ్లనూ రాసుకుంటే, గొట్టం నిజంగా ఏ ఊరికి ఎంత చేరిందో నీటి మీటర్ల కన్నా స్పష్టంగా తేలుతుంది. అందుకు కావలసింది ఒక దంత వైద్యుడు, ఒక రిజిస్టరు, పగటి వెలుతురు. ఇలాంటి లెక్క ధర్మపురిలోనూ నల్గొండలోనూ ఒకే పద్ధతిలో తీసి, పక్కపక్కన పెట్టి చూడాలి.